కరివేపాకుది ఏ గోత్రం?

పోయిన ఆషాఢంలో ఒక పొద్దున మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోస్తుంటే ఓ సీతాకోకచిలుక వచ్చింది. నల్లటి రెక్కలు, వాటి నిండా లేత పసుపు మచ్చలు. వంగ కుండీ మీద ఇలా వాలి అలా లేచిపోయింది. పుదీనా మీదా అంతే. గోంగూర మడివైపు చూడనైనా చూడలేదు. కరివేపాకు దగ్గరికొచ్చేసరికి దాని వరస మారింది. లేత ఇగురు మీద ముందుకాళ్లతో టకటకా తట్టి, పొట్ట చివర వంచి, ఆవగింజకన్నా చిన్న గుడ్డొకటి అంటించింది. అక్కణ్నుంచి నేరుగా ఆ చివరనున్న నిమ్మ కుండీకి పోయి మళ్లీ అదే పని. ముప్పైకి పైగా కుండీలున్న మిద్దె మీద ఈ రెండే దానికి నచ్చాయి.

ఆ తట్టడం ఊరికే కాదు. ఆడ సీతాకోకచిలుక రుచి చూసేది కాళ్లతోనే. పుట్టబోయే పిల్లలకు ఈ ఆకు పడుతుందా లేదా అని చూసుకున్నాకే గుడ్డు పెడుతుంది. దీని పేరు నిమ్మ సీతాకోకచిలుక. వారం తిరిగేసరికి మా కరివేపాకు మీద నలుపూ తెలుపూ కలిసిన ముద్దలు కనిపించాయి. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి "పిట్టలు రెట్టలు వేసి పాడుచేస్తున్నాయి బాబూ" అన్నారు. రెట్టలు కావు, గొంగళిపురుగులు. పిట్టల కంట పడకుండా చిన్నతనంలో అవి వేసే వేషం అది. పెద్దవయ్యాక ఆకుపచ్చ చొక్కా తొడుక్కుంటాయి. అగ్గిపుల్లతో వీపు తాకితే తల వెనకనుంచి నారింజ రంగు జంట కొమ్ములు బయటికి తన్నుకొస్తాయి. కుళ్లిన నిమ్మకాయ వాసన గుప్పుమంటుంది.

నిమ్మకీ కరివేపాకుకీ పోలిక ఎక్కడుంది? అది ముళ్ల చెట్టు, ఇది ఈనెకు రెండు పక్కలా చిట్టి ఆకులు పేర్చుకున్న రెమ్మ. దాని కాయ పిసికితే గిన్నెడు రసం, దీని పండు చిన్న నేరేడు గింజంత. కానీ నిమ్మాకు ఒకటి తెంపి ఎండకు అడ్డంగా పట్టుకోండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు వెలుగుతాయి. అవి చిల్లులు కావు, నూనె తిత్తులు. కరివేపాకులోనూ అవే ఉన్నాయి. మారేడు దళంలో, వెలగాకులో కూడా. బత్తాయి తొక్కను దీపం దగ్గర పెట్టి మడిచి నొక్కితే చిటపటమని మెరుపులొస్తాయి చూడండి, అవి ఆ తిత్తులు చిమ్మిన నూనెవే. వీటన్నిటినీ వృక్షశాస్త్రం ఒకే కుటుంబం కింద రాసుకుంది. దాని పేరు రూటేసీ.

ఆ నూనె మొక్క మనకోసం తయారు చేసుకోలేదు. కాళ్లులేని ప్రాణి తన చుట్టూ తాను కట్టుకున్న కంచె అది. చాలా పురుగులకు ఆ ఘాటు గిట్టదు. ఏ కంచెకైనా దాటే దొంగ ఒకడుంటాడు. నిమ్మ సీతాకోకచిలుక వంశం ఈ కంచె దాటడం నేర్చింది. దాటాక అదే వాసన దానికి ఇంటి చిరునామా అయి కూర్చుంది. ఈ వాసన ఉన్నచోట తిండి ఉంది, పోటీకొచ్చేవాళ్లు తక్కువ. మనమూ అలాంటి దొంగలమే. చారు పోపులో నాలుగు రెబ్బలు వేసేది కడుపు నిండుతుందనా? ఆ కంచె వాసన కోసమే. వంటింట్లో ఘుమఘుమ, ఘాటు, చేదు, జిగురు అని మనం పిలిచేవాటిలో చాలా వరకు ఏదో ఒక మొక్క కట్టుకున్న కంచెలే. ఒక్కో కుటుంబానిది ఒక్కో తరహా కంచె. మొక్కల చుట్టరికాలు తెలుసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి దారి దొరకలేదు.

కరివేపాకు శాస్త్రీయ నామంలో మా కాకినాడ ముక్క ఒకటుంది. 1771లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి బెర్గెరా కోనిగీ అని పేరుపెట్టాడు. కోనిగీ అంటే కోనిగ్‌ది అని. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు. తరంగంబాడిలో డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చి, దక్షిణాది మొక్కల వెంట తిరిగి తిరిగి, 1785లో ఇక్కడే, మా జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పట్లో పక్కనే సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు స్నేహితుడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి పెద్ద పెద్ద బొమ్మల సంపుటాలు వెలువరించినవాడు ఈ రాక్స్‌బర్గే. వంతెన దాటి జగన్నాథపురం బజారుకెళ్లి కరివేపాకు కొసరు అడిగి తెచ్చుకునేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో!

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు ఖాయం చేశాడు. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. వంకాయ సొలానమ్ మెలాంజెనా, బంగాళాదుంప సొలానమ్ ట్యూబరోసమ్. ఇంగ్లీషువాళ్లకు ఇది తలకిందుల వ్యవహారం, వాళ్ల ఇంటిపేరు చివర కదా ఉండేది. మనకు ఆ ఇబ్బంది లేదు. సొలానమ్ అనేది ఇంటిపేరు, మెలాంజెనా పెట్టిన పేరు. మనలాగే ఇంటిపేరును పొడి అక్షరం చేసి ఎస్. మెలాంజెనా అని కూడా రాస్తారు. మరి కుటుంబమో? అది గోత్రం. ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటి కావచ్చు. ఇంటిపేర్లను ఇలా కుటుంబాలుగా కూర్చే పని పారిస్‌లో జుస్సియూ అనే ఆయన 1789లో గట్టిగా చేసిపెట్టాడు. కుటుంబం పేరు చివర "ఏసీ" అని వస్తుంది. సొలనేసీ, మాల్వేసీ, కుకుర్బిటేసీ. చల్లగాలి ఏసీతో దీనికి సంబంధం లేదు. 2016 నాటి లెక్కలో పూలు పూసే మొక్కల కుటుంబాలు 416. మన వంటింటికి పాతిక తెలిస్తే చాలు.

టమాటా ఇంటిపేరు కథ నాకు చాలా ఇష్టం. లిన్నేయస్ దాన్ని సొలానమ్‌లోనే, అంటే వంకాయ ఇంటిపేరుతోనే రాశాడు. మరుసటి ఏడే లండన్ చెల్సీ తోటలో పనిచేసే ఫిలిప్ మిల్లర్ దాన్ని విడదీసి లైకోపెర్సికాన్ అని వేరు కాపురం పెట్టించాడు. రెండు శతాబ్దాలకు పైగా పుస్తకాలన్నీ మిల్లర్ మాటే పట్టుకున్నాయి. 1990లలో డీఎన్ఏ చూస్తే అది వంకాయ, బంగాళాదుంపల మధ్యే తేలింది. మళ్లీ సొలానమ్‌లోకి తెచ్చారు. ఈలోగా మనవాళ్లు దాన్నేమన్నారు? తెలుగునేల మీద చాలాచోట్ల ముసలివాళ్లు ఇప్పటికీ రామములక్కాయ అంటారు. ములక అంటే ఏమిటి? నేల మీద పరుచుకుని ముళ్లతో, ఊదారంగు పూలతో ఉండే నేలములకను తలచుకోండి. అదీ సొలానమే. సముద్రాలు దాటి వచ్చిన కొత్త కాయను చూసి, ఇది మన ములక తాలూకే అని పేరులో పెట్టేసినవాళ్లకు ఏ డీఎన్ఏ చెప్పింది? పువ్వు చూసి ఉంటారు.

గోత్రం తెలిసేది పువ్వులోనే. ఆకు, కాయ, ఎత్తు ఇవన్నీ బతుకుతెరువును బట్టి మారిపోతాయి. పువ్వు కట్టుబాటు అంత తొందరగా మారదు. బెండ పువ్వు తెంపి మందార పక్కన పెట్టండి. అయిదు రేకులు, లోపల చిక్కటి ఎరుపు బొట్టు, నడుమ కేసరాలన్నీ ఒక గొట్టంలా అతుక్కుని పైకి నిలిచిన కాడ. గోగు పువ్వూ అంతే, పత్తి పువ్వూ అంతే. ఇది మాల్వేసీ. ఈ ఇంట్లో రెండు ఆస్తులు వంశపారంపర్యం. ఒకటి జిగురు, రెండోది నార. బెండకాయ కోసిన కత్తికి అంటేదీ, మందారాకు నలిపి తలకు రుద్దుకుంటే చేతికి జారేదీ ఒకే సరుకు. అమ్మలు బెండకాయ కడిగి, తుడిచి, ఆరబెట్టి కోసేది ఆ జిగురుకు నీళ్లు తగలకుండానే. పులుపు తగిలితే అది తెగిపోతుంది కాబట్టి బెండకాయ పులుసుకు అంత పేరు. ఇక నార. గోంగూర అంటేనే గోగుకూర. లేతగా ఉంటే కూర, ముదరనిచ్చి కాండం నీళ్లలో నానబెడితే గోగునార. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోనెసంచుల మిల్లులు నడిచింది దీని మీదే. తెలంగాణలో గోంగూరనే పుంటికూర అంటారు.

1998లో డీఎన్ఏ ఆధారంగా కుటుంబాలను మళ్లీ కూర్చినప్పుడు ఈ ఇంట్లోకి కొత్త చుట్టాలు వచ్చి చేరారు. బూరుగు, జనుపనార, కోకో. ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడన పండే కోకో, చాక్లెట్ అయ్యే కోకో, మన బెండకాయకు వేలువిడిచిన మేనత్త కొడుకన్నమాట. ఒకసారి కోకో పచ్చికాయ పగలగొట్టి చూడండి. గింజల చుట్టూ తెల్లటి గుజ్జు, దాని నిండా జిగురు.

పత్తి రైతుకు ఈ చుట్టరికం పాఠ్యపుస్తకం కాదు, పెట్టుబడి లెక్క. పత్తిని తినే మచ్చల కాయతొలుచు పురుగు, పచ్చదోమ బెండ మీదికీ అంతే ఇష్టంగా వస్తాయి. అందుకే పత్తిచేను చుట్టూ బెండ వరస ఎరపంటగా వేయమంటారు. పురుగు ముందు బెండ మీద పడుతుంది, అక్కడే పట్టుకోవచ్చు. పట్టుకోకపోతే మాత్రం అదే బెండ పురుగుకు సత్రమవుతుంది. మిద్దెతోటలో పక్కపక్కనే మందార, బెండ పెట్టుకున్నవాళ్లకు పిండినల్లి ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా పాకుతుందో తెలిసే ఉంటుంది.

వంగ కుటుంబం దగ్గర నేను దెబ్బ తిన్నాను. రెండేళ్ల కిందట టమాటా మొక్కలు నాలుగు, ఆకు పచ్చగా ఉండగానే, మధ్యాహ్నాలు వాలిపోవడం మొదలెట్టాయి. నీళ్లు చాలలేదనుకుని పోశాను. నాలుగో రోజుకు తల లేపలేదు. పీకి పారేసి, అదే మట్టిలో వంగ నారు పెట్టాను. పంట మార్చాను కదా అన్న ధీమా. నారు అమ్మినాయన కూడా "మార్చి వేశారు, ఇంక ఢోకా లేదండి" అన్నాడు. నెలన్నరకు వంగ కూడా అదే దారి. అప్పుడు ఒక వ్యవసాయ అధికారి చెప్పిన పరీక్ష చేశాను. చచ్చిన మొక్క కాండం మొదటి నుంచి రెండంగుళాల ముక్క కోసి, గాజుగ్లాసు మంచినీళ్లలో కొస మాత్రం మునిగేలా పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలకు కోసినచోటు నుంచి పాలదారంలాంటి తెల్లటి పోగు మెల్లగా కిందికి జారడం మొదలైంది. నీళ్లు కదిలించకుండా ఊపిరి బిగబట్టి చూశాను. ఆ పోగంతా బాక్టీరియా. నీళ్లు పైకెక్కే గొట్టాల్లో కోట్లకొద్దీ కూరుకుపోతే మొక్క నిలువునా దాహంతో చస్తుంది. దాని పేరు రాల్‌స్టోనియా సొలనసియేరమ్. పేరులోనే సొలనేసీ కూర్చుని ఉంది. టమాటా తీసి వంగ వేయడమంటే అన్నను తిన్న పులి నోటికి తమ్ముణ్ని అందించడం. ఈ తెగులు అల్లం, అరటివంటి వాటినీ వదలదు కానీ, దీనికి పుట్టినిల్లు మాత్రం వంగ వంశమే. ఆ మట్టిలో ఇప్పుడు మొక్కజొన్న, తోటకూర వేస్తున్నాను.

పొగాకు చేలో రైతులు "మల్లె" అని పిలిచే కలుపుంటుంది. పేరు మల్లె, పని జలగది. పచ్చదనం లేని ఆ మొక్క పొగాకు వేరును పట్టుకుని పీల్చి బతుకుతుంది. పొగాకు లేకపోతే వంగ, టమాటాల వేళ్లను వెతుక్కుంటుంది. పొగాకు కూడా ఈ ఇంటిదే మరి. ఉమ్మెత్తా ఇదే ఇల్లు. ఇంత రుచి, ఇంత విషం ఒకే గడపలో ఉన్న వంశం ఇంకోటి చెప్పలేను. బంగాళాదుంప ఎండకు పచ్చబడితే అందులో సొలనిన్ పెరిగినట్టే, ఆ దుంప పారేయాల్సిందే. మిరప కంచె మాత్రం కొంచెం తెలివైనది. దాని కారం పాలిచ్చే జంతువుల నోటినే మండిస్తుంది, పక్షులకు తెలియదు. పిట్ట హాయిగా తిని, గింజ పాడుచెయ్యకుండా దూరంగా రెట్ట వేసి పోతుంది. నమిలి నాశనం చేసే ఎలుకనూ, మనల్నీ ఆపడానికి కట్టిన కంచె అది. ఎలుక ఆగింది. మనం గుంటూరులో యార్డు కట్టుకున్నాం.

మనుషుల్లో సగోత్రం పెళ్లికి పనికిరాదంటారు. మొక్కల అంటు పెళ్లి దీనికి సరిగ్గా తలకిందులు. గోత్రం ఒకటైతేనే అంటు నిలుస్తుంది. టమాటా కొమ్మను వంగ వేరు మీద అంటుకట్టవచ్చు, నిమ్మ మీద కడితే రెండూ చస్తాయి. వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థవాళ్లు 2021లో ఒకే మొక్కకు వంకాయలు, టమాటాలు కాయించి బ్రిమాటో అన్నారు. వింతగా చూశారు జనం. అసలు ప్రయోజనం ఆ వింతలో లేదు, వేరులో ఉంది. తెగులును, నీటిముంపును తట్టుకునే వంగజాతి వేరు మీద టమాటాను నిలబెడితే వానాకాలం గట్టెక్కుతుంది. జపాన్‌వాళ్లు 1920లలోనే పుచ్చతీగను సొర వేరు మీద నిలిపి నేలలోంచి వచ్చే ఎండు తెగులును తప్పించుకున్నారు. పుచ్చ, సొర ఇంటిపేర్లు వేరు, గోత్రం ఒకటే.

ఆ గోత్రం కుకుర్బిటేసీ. సొర, బీర, పొట్ల, కాకర, దోస, గుమ్మడి, దొండ, బూడిదగుమ్మడి. పందిరి ఉన్న ఇంట్లో సగం కూరలు ఒక్క కుటుంబం నుంచే వస్తాయి. "పూత బోలెడు, పిందె మాత్రం నిలవడం లేదు" అనే ఫిర్యాదు మిద్దెతోటలవాళ్ల నోట ఎక్కువగా వినిపించేది ఈ తీగల గురించే. వీటిలో ఎక్కువవాటికి మగపూలు, ఆడపూలు ఒకే తీగ మీద వేర్వేరుగా పూస్తాయి. పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. మొదట్లో వరసగా మగపూలే వస్తాయి, కంగారు పడక్కర్లేదు. ఆ తర్వాత కూడా పిందె పచ్చబడి రాలిపోతోందంటే పుప్పొడి అందలేదని అర్థం. నాలుగో అంతస్తుకు తేనెటీగ ఓపిగ్గా ఎక్కి రాకపోతే ఆ పని మనదే. మగపువ్వు తెంపి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమ రాయాలి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది వేళ విషయంలో. గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి, ఎండెక్కాక రాసినా లాభం ఉండదు. బీర, సొర సాయంత్రం పూస్తాయి. పొట్ల చీకటి పడ్డాక తెల్లటి జాలరు అంచులు విప్పుతుంది. సొర, పొట్ల తెలుపు కట్టుకున్నది చీకట్లో తిరిగే రెక్కపురుగుల కోసం. పొద్దున్నే బీరపువ్వు చుట్టూ కుంచె పట్టుకు తిరిగి, ఫలితం లేదని విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆగాకరది ఇంకో చిక్కు. దానికి తీగే మగది, తీగే ఆడది. పదింటికి ఒక్క మగతీగైనా లేకపోతే పందిరి పచ్చగా ఉంటుంది, బుట్ట ఖాళీగా ఉంటుంది.

దోసకాయ కోసేముందు మా అమ్మ చివర చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకునేది. చేదైతే మొత్తం పారేసేది, బేరం లేదు. ఆ చేదు పేరు కుకుర్బిటాసిన్. ఈ వంశం కంచె అది. వేల ఏళ్లుగా చేదు లేని కాయల గింజలనే దాచుకుంటూ వచ్చాం కాబట్టి పెరటి కాయల్లో అది నిద్రపోతోంది. నీటి ఎద్దడి, ఎండ తగిలినా, అడవిజాతి పుప్పొడితో కట్టిన గింజ మొలిచి కాసినా లేస్తుంది. ఉడికించినా పోదు. చేదెక్కిన సొరకాయ రసం ఆరోగ్యానికి మంచిదని కళ్లు మూసుకుని తాగినవాళ్లు రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయిన ఘటనలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసి, చేదుగా ఉన్న సొర రసం తాగవద్దని, ముందు చిన్న ముక్క రుచి చూడమని చెప్పింది. 2012లో అచ్చయిన ఆ నివేదిక చదివినప్పుడు మా అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. కాకర చేదు దీనికి దూరపు బంధువే కానీ, అది వేరే సరుకు. దాన్ని ఈ లెక్కలో కలపకండి.

కంచెల్లో నాకు బాగా నచ్చిన పనితనం ఆవగింజది. గింజను ఊరికే నోట్లో వేసుకుని మింగితే ఏమీ లేదు. కారణం, ఘాటుకు కావలసిన రెండు దినుసులను అది వేర్వేరు గదుల్లో పెట్టి తాళం వేసింది. ఒక గదిలో గంధకం ఉన్న ఒక పదార్థం, ఇంకో గదిలో దాన్ని విడగొట్టే ఎంజైము. పురుగు కొరికితే గోడ కూలి, రెండూ కలిసి, ముక్కుకెక్కే ఘాటు అప్పటికప్పుడు పుడుతుంది. దానికి తడి కూడా కావాలి. ఇప్పుడు వంటింట్లోకి రండి. మరిగే నూనెలో వేసిన ఆవాలు చిటపటలాడతాయి, కమ్మటి వాసన ఇస్తాయి, ఘాటు మాత్రం రాదు. వేడికి ఎంజైము ముందే చచ్చింది. అదే ఆవాలు పచ్చిగా దంచి మామిడి ముక్కల్లో కలిపితే? ఉప్పుకు ముక్క ఊరి ఊట దిగుతుంది, ఆ తడికి పిండిలో ఘాటు లేస్తుంది. మూడో రోజు జాడీ మూత తీసి తిరగకలిపేటప్పుడు కళ్లలో నీళ్లు తెప్పించేది అదే. ఆ ఘాటు సూక్ష్మజీవులకూ పడదు కాబట్టి పచ్చడి నిలవకూ సాయపడుతుంది. అరటికాయ ఆవపెట్టేవాళ్లు పొయ్యి దించి చల్లారాకే ముద్ద కలుపుతారు. వేడి కూరలో వేస్తే ఆవ చేదెక్కి, ఘాటు చచ్చి, రెంటికీ చెడుతుంది.

ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆవాల ఇంటివాళ్లే. నాలుగు రేకుల పువ్వు, శిలువ ఆకారం. ఉడికిన క్యాబేజీ వాసన గంధకానిదే. క్యాబేజీని జల్లెడ చేసే డైమండ్ రెక్కల పురుగు కూడా నిమ్మ సీతాకోకచిలుక తరహా దొంగ. ఆ ఘాటునే పట్టుకుని వస్తుంది. అందుకని ఇరవై అయిదు వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు వేసి దాన్ని పక్కదారి పట్టించమని శాస్త్రవేత్తల సలహా.

ఈ ఆవ గుణం కుటుంబం గడప దాటి ఇరుగింటి దాకా పోయింది. బొప్పాయి కోసినప్పుడు నల్లగింజ ఒకటి కొరికి చూడండి. మిరియంలా, ఆవపిండిలా చురుక్కుమంటుంది. మునగ వేరు గీరి వాసన చూస్తే ముక్కు అదురుతుంది. మునక్కాడను చూసి చిక్కుడు తాలూకు అనుకునేవాళ్లు ఎక్కువ. అలా వేలాడే కాడ ఉన్నంతమాత్రాన ఎలా? మునగ, బొప్పాయి వేర్వేరు కుటుంబాలే అయినా ఆవాలతో కలిసి ఒకే పెద్ద శాఖలో ఉన్నాయి. గోత్రాల పైన ఇంకో అంచె ఉంటుంది, దాన్ని క్రమం అంటారు.

చిక్కుడు అసలు చుట్టాలెవరో తెలియాలంటే పప్పుచారు గిన్నె చాలు. కందిపప్పు, చింతపండు, మెంతులు, మూడూ ఒకే ఇల్లు. చింతకాయ ఎండిన చిక్కుడుకాయే అనుకుంటే సరి. వేళ్ల బుడిపెల్లో బాక్టీరియాను కాపురం పెట్టి గాలిలోని నత్రజనిని పట్టించే కుటుంబం ఇది. గోరుచిక్కుడు మొక్క పీకి బుడిపె గిల్లితే లోపల గులాబి రంగు కనిపిస్తుంది. అది కనిపిస్తే పని జరుగుతున్నట్టే. వంగ తర్వాత కుండీకి ఈ ఇంటివాళ్లను పిలుస్తాను.

పోపులడబ్బాలో మిగిలిన జీలకర్ర, పక్క సీసాలో ధనియాలు, వాము, సోంపు, పైన ఇంగువ కూడా ఒక్క కొంపే. మా కొత్తిమీర ముదిరి పూతకొచ్చినప్పుడు చూశాను, ఒకే కాడ నుంచి పుల్లలు విచ్చుకుని గొడుగులా నిలబడింది. ఆ గొడుగే ఏపియేసీ ముద్ర. మనం గింజలనుకునే ధనియాలు నిజానికి కాయలు, నలిపితే రెండు బద్దలవుతాయి. ఇంగువ మాత్రం వేరు దుంపకు గాటుపెట్టి తీసిన పాలు. తరతరాలుగా ఎక్కువభాగం అఫ్ఘానిస్తాన్, ఇరాన్‌ల నుంచి తెచ్చుకున్నాం. మన దేశంలో దాన్ని మొదటిసారి సాగుకు నాటింది 2020 అక్టోబరులో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. ఇదే కుటుంబంలో సోక్రటీసుకు ఇచ్చిన విషపు మొక్క హెమ్‌లాక్ కూడా ఉంది. అందుకని కొత్తిమీరలా ఉంది కదా అని కొండల్లో కనిపించిందల్లా గిల్లి నోట్లో పెట్టుకోవడం మంచిది కాదు.

పిన్నిగారికి ఈ గోత్రాల పిచ్చి అంటుకుంది. మొన్న సంక్రాంతికి ముందు వాళ్ల ఎరువు గుంతలో దానంతటదే మొలిచిన మొక్క చూపించి "ఇది ఎవరింటి పిల్ల?" అని అడిగారు. దళసరి జంట బీజదళాలు, మధ్యలో గరుకు ఆకు. "కుకుర్బిటేసీ పిన్నిగారూ, అంతవరకు చెప్పగలను" అన్నాను. తీగ పాకింది, పసుపు పూలు పూసింది, రెండు కాయలు కాసింది. పప్పుదోసంత గుండ్రం, ఖర్బూజాలా చారలు. ఇందులో వింతేమీ లేదు. పప్పుదోస, ఖర్బూజా రెండింటికీ ఇంటిపేరే కాదు, పెట్టిన పేరూ ఒకటే, కుకుమిస్ మెలో. పక్కపక్కన పూస్తే కలిసిపోతాయి. ఈ గింజ తాలూకు తల్లి ఎవరో, తండ్రి ఎవరో.

కోసేముందు చివర చిన్న ముక్క తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు లేదు. కొంచెం పులుపు, వెనకనుంచి పల్చగా పండు వాసన. పప్పులో వెయ్యాలా, పంచదార చల్లుకుని తినాలా అని నేను ఆలోచిస్తుండగానే పిన్నిగారు కాయ లాక్కుని "ముక్కలు కోసి ఆవపిండి కలిపేస్తాను, ఏ గోత్రమైనా దారికొస్తుంది" అంటూ వంటింట్లోకి వెళ్లిపోయారు.